తువ్వాలు కింద బేరం

"కెమెరా పాతదే దివాకర్. పని మాత్రం కొత్తది," అంది చీఫ్ ప్రశాంతి.

అనంతపురంలో ఒక వేరుశనగ నూనె మిల్లు మేడ మీద, 'పాత టైర్లు కొనబడును' అన్న బోర్డు వెనక ఉంది సంస్థ ఆఫీసు. ఆ బోర్డు చూసి ఇంతవరకూ ఒక్కడూ టైరు మోసుకుని మెట్లెక్కలేదు. 2002 జులై నెల. ఆడించడానికి కాయల్లేక కింద మిల్లు కూడా మూతపడింది. పైన సీక్రెట్ ఏజెన్సీ మాత్రం నడుస్తోంది.

ప్రశాంతి టేబుల్ మీద పెట్టింది దివాకర్ మూడేళ్ళుగా వాడుతున్న కాంపాక్ట్ జూమే. ముప్పై ఎనిమిది నుంచి నూట పదిహేను మిల్లీమీటర్ల దాకా లెన్సు ముందుకు సాగుతుంది. చొక్కా జేబులో పడుతుంది. సర్వీసింగు చేయించి, కొత్త లిథియం బ్యాటరీ వేయించి తిరిగి ఇచ్చింది.

"పెద్ద కెమెరా మెడలో వేసుకుంటే ప్రెస్ వాడనుకుంటారు. దీన్ని చూస్తే పెళ్ళికొచ్చిన బావమరిది అనుకుంటారు. నీ కవర్ అదే. ఊళ్ళు తిరుగుతూ సరదాగా ఫొటోలు తీసుకునేవాడివి."

కెమెరా పాతదైనందుకు దివాకర్‌కి బాధ లేదు. పక్క కుర్చీలో కూర్చున్న ప్రవీణ్ ఒళ్ళో ఉన్న కొత్త డబ్బాని చూసి కడుపు మండింది. అందులో డిజిటల్ కెమెరా ఉంది. వెండి రంగుది, వెనక బుల్లి టీవీ ఉన్నది. భీమవరం నుంచి వచ్చి నిండా ఏడాది కాలేదు కుర్రాడికి! నున్నగా దువ్విన జుట్టూ, నవ్వితే సొట్టలూ తప్ప వేరే క్వాలిఫికేషన్ ఏముందని అంత ఖరీదైన వస్తువు వాడి చేతిలో పెట్టారో దివాకర్‌కి అర్థం కాలేదు.

"ఫైల్ పేరు మిడత," ప్రశాంతి మొదలుపెట్టింది. "ఫారిన్ ముఠా. వాళ్ళు ఎత్తుకుపోయేది విత్తనాలు. మన దగ్గర ఒక శాస్త్రవేత్త పదమూడేళ్ళు కష్టపడి ఒక వేరుశనగ రకం తయారుచేశాడు. రెండంటే రెండు వానలు పడితే చాలు, కాపుకొస్తుంది. పోయిన వారం ఉన్న విత్తనం మూడు కేజీలూ కొట్టేశారు. చేలో మిగిలిన పంటకి నిప్పు పెట్టారు. ఇప్పుడు లోకం మొత్తం మీద ఉన్నది ఆ మూడు కేజీలే."

"దేశం దాటితే?" ప్రవీణ్ అడిగాడు.

"వాళ్ళ పేరు మీద రిజిస్టర్ అవుతుంది. మన విత్తనాన్ని మనమే వాళ్ళ కాళ్ళు పట్టుకుని కొనుక్కోవాలి."

దివాకర్‌కి ఈ లెక్చర్ అక్కర్లేదు. అతనిది ముదిగుబ్బ. వాన రాక ఎండిపోయిన చేలోకి తల్లి వెంకటలక్ష్మమ్మ తన చేత్తోనే గొర్రెల్ని తోలడం, మేపే దారిలేక చివరికి ఆ గొర్రెల్ని సంతకి తోలడం చూస్తూ పెరిగాడు. రెండు వానలకి పండే కాయ అంటే ఏమిటో ఆ గదిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"లోపల మన మనిషి ఒకామె ఉంది. డబుల్ ఏజెంట్. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది." ప్రశాంతి ఒక ఫొటో ముందుకు తోసింది.

సుహానా.

దివాకర్‌కి తెలిసిన మొహం. మూడేళ్ళ కింద హుబ్లీ కేసులో పది రోజులపాటు ఇద్దరూ భార్యాభర్తల్లాగా నటించారు. ఒకే ప్లేట్లో ఉగ్గాని తిన్నారు. ఆమె పదకొండో రోజు వేషం తీసేసి వెళ్ళిపోయింది. దివాకర్ లోపల ఆ వేషం ఇంకా పూర్తిగా ఊడలేదు. ఆ సంగతి ఫైల్లో లేదు గనక చీఫ్‌కి తెలీదు.

"అబ్బో! సినిమా స్టార్‌లా ఉందండీ!" అన్నాడు ప్రవీణ్.

దివాకర్ పళ్ళు నూరాడు.

"శనివారం విడపనకల్లు దగ్గర గొర్రెల సంత," ప్రశాంతి చెప్పుకుపోయింది. "బాలప్ప అని బళ్ళారి గొర్రెల వ్యాపారి ముఠాకి లోకల్ ఏజెంటు. సుహానా అతని పార్ట్‌నర్‌గా వస్తుంది. సరుకు ఏ లారీలో బోర్డర్ దాటుతుందో ఆమెకి ఆ రోజే తెలుస్తుంది. కోడ్ మాట చెప్పినవాడికి సమాచారం అందిస్తుంది. చుట్టూ బాలప్ప మనుషులుంటారు గనక ఎలా అందించేదీ ఆమెకే వదిలేశాం. దివాకర్, నువ్వు వెళ్ళి కలువు. ప్రవీణ్, నువ్వు ముఠా వాళ్ళ ఫొటోలు తియ్యి. నేను మనవాళ్ళతో చెక్‌పోస్టు దగ్గర ఉంటా."

"కోడ్?"

"ఆమె 'ఈ పక్క వానలెట్లుండాయి?' అని అడుగుతుంది."

"మేడమ్, ఈ జిల్లాలో ఎవరు ఎదురైనా అదే అడుగుతారు."

"అందుకే జవాబు కష్టమైంది పెట్టాం. 'ఎక్కువైనాయి, తట్టుకోలేకపోతాండాం' అనాలి. అనంతపురం జిల్లాలో ఆ మాట పొరపాటున కూడా ఎవడి నోటా రాదు."

* * *

శనివారం పొద్దున జీపులో దారి పొడుగునా దివాకర్ తన కవర్‌కి న్యాయం చేశాడు. ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్లాడుకుంటున్న ఆడవాళ్ళనీ, గుట్ట మీద గాలిమరల్నీ, భుజం మీద ఒకటీ చంకలో ఒకటీ గొర్రెపిల్లల్ని మోసుకుపోతున్న కాపరినీ తీశాడు. ఆ కెమెరాతో అదే సుఖం. ఎదుటివాడు మొహం బిగించుకునేలోపు పని అయిపోతుంది. నాలుగొందల స్పీడు రీలు వేస్తే జూమ్ పూర్తిగా లాగినా బొమ్మ వణకదు. ఒక్కటే చాదస్తం దానికి. ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్లాష్ తనంతట తానే సిద్ధమవుతుంది. గుర్తుపెట్టుకుని ఆపాలి.

"ఫ్లాష్ ఎలా ఆపుతారు గురూగారూ?" ప్రవీణ్ ముచ్చటపడి అడిగాడు.

"నీ టీవీ పెట్టెలో చూసుకో పో," అన్నాడు దివాకర్. విద్య పంచుకునే మూడ్‌లో లేడు.

సంతలో ఆషాఢం గాలి చెవులు చిల్లులు పడేలా వీస్తోంది. వానలు లేక మేత లేక, జనం గొర్రెల్ని వచ్చిన ధరకి వదిలించుకుంటున్నారు. ఎవరూ గట్టిగా ధర పలకరు. దళారులు తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడుతున్నారు. బేరం ఇద్దరి మధ్యే ఉండాలి, మూడోవాడు తువ్వాలు కిందకి తొంగిచూడకూడదు. అది సంత మర్యాద.

మధ్యలో సుహానా నిలబడి ఉంది. ముదురాకుపచ్చ చీర, మోచేతుల దాకా గాజులు, భుజాన ఎర్ర తువ్వాలు. పక్కన పంచెకట్టుతో, బుర్ర మీసాలతో బాలప్ప. అతని వెనక ఒక పందెం పొట్టేలు. ఆ మండుటెండలో దాని వీపున నల్ల కంబళి కప్పి, పొట్ట కింద బిగించి కట్టారు. దివాకర్ దాన్ని చూశాడు. చూశాడంటే కన్ను దాని మీదుగా జారి సుహానా దగ్గర ఆగింది, అంతే.

మాంసం వ్యాపారి వేషంలో ప్రవీణ్ పరిగెత్తుకొచ్చాడు. "గురూగారూ, నా కెమెరా బ్యాటరీ చచ్చిందండీ. ఎండకి స్క్రీన్ కూడా కనపడట్లేదు. ఫొటోలు మీరు తియ్యండి. నేను వెళ్ళి ఆవిణ్ణి కలుస్తాను."

వద్దనాలి. డ్యూటీ అదే చెబుతోంది. కానీ దివాకర్‌కి ఒక దిక్కుమాలిన ఆశ పుట్టింది. వీడు వెళ్తే సుహానా చిరాకుపడుతుంది. దివాకర్ యాడ అని చుట్టూ వెతుకుతుంది. ఆ కళ్ళు తనకోసం వెతకడం ఒక్కసారి చూడాలి.

"పో. నీ మొహం చూస్తానే ఆయమ్మ చెప్పు తీస్తాది," అన్నాడు.

వేపచెట్టు చాటున నిలబడి కెమెరా కంటికి ఆనించి జూమ్ బటన్ నొక్కాడు. లెన్సు జుయ్యిమని సాగింది. సుహానా మొహం దగ్గరికొచ్చింది. ఆమె పెదాలు కదిలాయి. ప్రవీణ్ నవ్వుతూ జవాబిచ్చాడు. ఆమె ఎవరికోసమూ వెతకలేదు. చెప్పూ తీయలేదు. చక్కగా నవ్వింది. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ప్రవీణ్ చేతి మీద కప్పింది. తన చెయ్యి దాని కిందికి పోనిచ్చింది.

దివాకర్ గుండెలో ఎవరో పిడికెడు కారం కొట్టారు.

చేతులు పట్టుకుంటున్నారు! పట్టపగలు, సంత నడిమధ్య, గుడ్డ కప్పుకుని మరీ! పది రోజులు పెళ్ళాంగా నటించి ఒక్కసారైనా నా వేలు ముట్టుకుందా? వీడెవడు? నిన్నగాక మొన్న వచ్చిన సొట్టబుగ్గల వెధవ! తువ్వాలు చాటున ఆడదానికీ మగవాడికీ పనేమిటి?

క్లిక్. గాలి తువ్వాలుని ఎగరేసింది. క్లిక్. సుహానా మళ్ళీ సర్దింది. క్లిక్. ప్రవీణ్ మొహం ఎర్రబడింది. క్లిక్, క్లిక్. ఆధారం కావాలి కదా అని దివాకర్ తనకి తాను చెప్పుకున్నాడు. దేనికి ఆధారమో మాత్రం చెప్పుకోలేదు.

అప్పుడే బాలప్ప దగ్గరికి టోపీ పెట్టుకున్న ఒక తెల్లవాడు వచ్చాడు. మెడలో స్టెతస్కోపు, పశువుల డాక్టరు వేషం. వంగి, నల్ల కంబళి మీద చెయ్యి వేసి నిమిరాడు. ముఠా నాయకుడు! దివాకర్ కెమెరా అటు తిప్పాడు. బటన్ నొక్కాడు.

గిర్రుమంటూ లోపల రీలు వెనక్కి చుట్టుకోవడం మొదలైంది. ముప్పై ఆరు ఫ్రేములూ అయిపోయాయి. కొత్త రీలు జీపులో ఉంది. అతను పరిగెత్తి తెచ్చుకునేలోపు తెల్లవాడు లేడు, బాలప్ప లేడు, సుహానా లేదు.

ప్రవీణ్ మాత్రం ఉన్నాడు, ఒక రకమైన మైకంలో.

"ఏమిచ్చింది?" దివాకర్ గద్దించాడు.

"ఏమీ ఇవ్వలేదండీ. చీటీ లేదు, మాట లేదు. చెయ్యి పట్టుకుంది గురూగారూ. చాలాసేపు పట్టుకుంది." కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకున్నాడు.

* * *

గుంతకల్లులో ఎస్టీడీ బూత్ నుంచి చెక్‌పోస్టుకి ఫోన్ కలిపాడు దివాకర్.

"సమాచారం రాలేదా? కోడ్ చెప్పినా ఇవ్వలేదా?" ప్రశాంతి అడిగింది. "అంటే ఆమె అటువైపు తిరిగిపోయిందంటావా?"

కాదని చెప్పడానికి దివాకర్ దగ్గర కారణం లేదు. అవునని చెప్పడానికి మాత్రం కడుపు నిండా ఉంది.

"నమ్మద్దు మేడమ్. ఆయమ్మ ఆటలాడతాండాది," అన్నాడు.

"సాయంత్రం సంత లారీలన్నీ ఒక్కసారిగా బళ్ళారి రోడ్డెక్కుతాయి. అన్నీ విప్పి చూస్తూ కూర్చుంటే మిగతావి అడ్డదారి పడతాయి. తోచినవి ఆపి చూస్తాం. కాల్పులు జరిగితే ఆమెని కాపాడమని మనవాళ్ళకి ఇచ్చిన ఆర్డర్ వెనక్కి తీసుకుంటున్నా. నీ రీలు కడిగించు. అందులో ఏమైనా దొరుకుతుందేమో చూడు." ఫోన్ పెట్టేసింది.

ఖాసిం సాబ్ కలర్ ల్యాబ్ రోడ్డుకి అవతలి పక్కనే ఉంది. సంస్థ రీళ్ళన్నీ అక్కడే కడుగుతారు. దివాకర్ మెట్ల దగ్గర ఆగాడు. ప్రవీణ్ వెనకే వస్తున్నాడు. రీల్లో ముఠా లేదు. సంతలో తీసిందంతా సుహానాయే. ఈ ఫొటోలు ప్రవీణ్ చూస్తాడు, చీఫ్ చూస్తుంది, టైర్ల ఆఫీసు మొత్తం చూస్తుంది. కెమెరా వెనక మూత గొళ్ళెం మీద దివాకర్ బొటనవేలు వెళ్ళింది. మూత తీసి, రీలుని డబ్బాలోంచి బయటికి లాగితే చాలు. ఎండ తగిలి మొత్తం తెల్లబోతుంది. లైట్ లీకైందని చెప్పొచ్చు. పాత కెమెరా కదా, నమ్ముతారు కూడా.

కాపాడమని ఇచ్చిన ఆర్డర్ వెనక్కి తీసుకుంటున్నా, అన్న మాట చెవిలో మోగింది. ఆ ఆర్డర్‌ని వెనక్కి తీయించింది తన నోరే. కుళ్ళుకుని అన్న మాట అది, కళ్ళారా చూసి అన్నది కాదు. దివాకర్ గొళ్ళెం వదిలేసి లోపలికి వెళ్ళాడు.

ప్రింట్లు వచ్చేదాకా ఇద్దరూ చెరో బెంచీ మీద ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

ఖాసిం సాబ్ తడి ఆరని ఫొటోలు కౌంటర్ మీద పరిచి, గడ్డం గీరుకున్నాడు. "ఏమప్పా దివాకరా, గొర్రెల సంతకు పోయి గొర్రెను ఒక్కదాన్నన్నా తీయలేదే? దారిలో తీసినవి తప్ప అన్నీ ఈయమ్మవే ఉండాయి."

ప్రవీణ్ ఫొటోల వంక చూశాడు. దివాకర్ వంక చూశాడు. మళ్ళీ ఫొటోల వంక చూశాడు. "గురూగారూ, మీరు..." అని ఆగిపోయాడు.

"అవును. కుళ్ళుకుంటి. సంతోషమా?" అన్నాడు దివాకర్. అనేశాక కొంచెం తేలికపడ్డాడు. భూతద్దం తీసుకుని వంగాడు, దొరికిందేదో దొరకనీ అని.

గాలికి తువ్వాలు ఎగిరిన ఫొటో అది. పూర్తి జూమ్. సుహానా చెయ్యి స్పష్టంగా ఉంది. ఆమె ప్రవీణ్ చెయ్యి పట్టుకోలేదు. అతని వేళ్ళు పట్టుకుంది. రెండే వేళ్ళు, చూపుడువేలూ మధ్యవేలూ, చివర్లు కలిపి బిగించి. ప్రేమించినవాళ్ళు అలా పట్టుకోరు.

అలా పట్టుకునేది ఎవరో దివాకర్‌కి తెలుసు. నాయన పోయాక వెంకటలక్ష్మమ్మ తనే గొర్రెల్ని సంతకి తోలేది. కొంగు నడుముకి చుట్టి, తువ్వాలు కప్పి, మీసాలు తిరిగిన దళారుల వేళ్ళు పట్టి బేరమాడి, నెగ్గి వచ్చేది. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత అంకె. ఆ వేళ్ళ లెక్కలే దివాకర్ చిన్నప్పటి ఎక్కాలు. ఆడదానికి తువ్వాలు చాటున పనేమిటని అడిగింది ఆ తల్లి కొడుకు!

"నా బుద్ధికింత మన్నుపెట్ట!" నుదురు కొట్టుకున్నాడు. "గుంతకల్లు సాయిబుల బిడ్డ ఆయమ్మ. వాళ్ళ నాయన తోళ్ళ వ్యాపారి. బాలప్ప ఎదురుగ్గానే లారీ నెంబరు చెప్పింది. ఎవరూ చూడకూడని చోట చెప్పింది. కోడ్ మాట పలికినోడు సంత లెక్క తెలిసినోడు అనుకోని చెప్పింది!"

"మరి నాకు చెప్పిందేంటండీ?"

"నా బదులు వచ్చినోడివి, నీకూ ఆ లెక్క తెలుసనుకునింది. నేను పోకుండా నిన్ను పంపితి." దివాకర్ కుడిచెయ్యి చాచాడు. "రా. నా చెయ్యి పట్టు. ఆమె నీ చెయ్యి ఎట్ల పట్టినాదో అట్లనే పట్టు. మొదట్నుంచీ."

"ఇక్కడా?"

"ఈడనే!"

ప్రవీణ్ సిగ్గుపడుతూ పట్టుకున్నాడు. ఖాసిం సాబ్ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "బయట గిరాకీ ఉండారప్పా, రోంత ఆపక్కకు పోండి," అన్నాడు.

"ముందు నాలుగు వేళ్ళూ కలిపి నొక్కిందండీ. మెత్తగా. అబ్బ, ఆ చెయ్యి..."

"వర్ణన వద్దు. నాలుగు. తర్వాత?"

"తర్వాత కళ్ళలో దుమ్ము పడింది, సరిగ్గా గుర్తులేదు."

"ఫొటోలో రెండు ఉండాది. తర్వాత?"

"చెయ్యంతా గట్టిగా పట్టుకుంది. వదిలి మళ్ళీ రెండు వేళ్ళు."

"అయిదు మీద రెండు, ఏడు."

"ఆ తర్వాత మూడు వేళ్ళు. ఎంత నెమ్మదిగానో! ఇంక చివర్లో చూడండి, ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ..."

దివాకర్ చెయ్యి విదిలించుకున్నాడు. తప్పు తనదేనని తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా? "చాలు! ఇంకొక్క ముక్క చెప్పినావంటే ఈడనే కొడతా. నాలుగు, రెండు, ఏడు, మూడు. పద!"

* * *

చెక్‌పోస్టు ఫోన్ ఎంగేజ్ మీద ఎంగేజ్ కొట్టింది. ఇంక లాభం లేదని జీపులో పరిగెత్తారు. పొద్దు వాలుతుండగా బళ్ళారి రోడ్డు మీద దుమ్మూ లారీలూ తప్ప వేరే ఏమీ కనబడలేదు. గేటు ముందు బారులో మూడోది 4273.

"అదే మేడమ్!" దివాకర్ కేకపెట్టాడు. "సుహానా మనిషే. తప్పు నాది. తర్వాత చెప్తా."

ప్రశాంతి కళ్ళతోనే సైగ చేసింది. మనవాళ్ళు లారీని చుట్టుముట్టారు. కేబిన్‌లోంచి బాలప్ప దిగాడు, తాపీగా తమలపాకు నములుతూ. వెనకే సుహానా దిగింది. ఆమె చూపు ప్రవీణ్ మీదుగా వచ్చి దివాకర్ దగ్గర ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. నువ్వుండంగా పొద్దున వీణ్ణెందుకు పంపినావు, అని అడుగుతున్నట్టుంది.

బల్ల వేసి గొర్రెలన్నిటినీ దించారు. లారీ అడుగు చెక్కలు తట్టి చూశారు. టైర్లు, టూల్ బాక్సు, డీజిల్ ట్యాంకు, సీటు పరుపు దేన్నీ వదల్లేదు. విత్తనం లేదు.

"ఏమి సార్, గొర్రెలకు గూడా పాస్‌పోర్టు కావల్నా?" బాలప్ప నవ్వాడు. "దించినోళ్ళే ఎక్కించండి. సర్కారుకు ఇంకేం పని లేదు."

గొర్రెలు మళ్ళీ ఎక్కాయి. చివరగా కంబళి కప్పిన పొట్టేలుని బాలప్ప తనే పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించాడు. ఉన్నట్టుండి అతని నవ్వు ఆగింది. సుహానా వైపు తిరిగాడు.

"ఇన్ని లారీలుండగా మన లారీనే ఎట్ల దొరికినాది వీళ్ళకు? నెంబరు నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదు కదమ్మా?" మాట మెత్తగానే ఉంది. ఖాళీ చెయ్యి మాత్రం నడుం దగ్గర పంచె మడతలోకి పోయింది.

సుహానా మొహంలో రంగు లేదు. ప్రశాంతి దగ్గర సాక్ష్యం లేదు. లారీ ఆపడానికి ఇంక సాకు లేదు. "గేటెత్తండి," అంది నీరసంగా. ఆ గేటు దాటితే విత్తనం ఉండదు, నాలుగు మైళ్ళు దాటితే సుహానా ఉండదు.

దివాకర్ ప్రవీణ్ చొక్కా పట్టుకున్నాడు. "చివర్లో ఏం చేసినాది? నీ కళ్ళలోకి చూస్తా ఏం చేసినాది?"

"చెబితే కొడతానన్నారుగా," అన్నాడు ప్రవీణ్ మొహం ముడుచుకుని.

"చెప్పకుంటే కొడతా! నీకు దండం పెడతా, చెప్పు నాయనా!"

"బొటనవేలు పట్టుకుని లాగింది. రెండుసార్లు. అదొక్కటీ నాకోసమే అనుకున్నానండీ."

సంతలో బొటనవేలు లాగితే ఒకటే అర్థం. మందని పక్కన పెట్టు, పొట్టేలు సంగతి మాట్లాడు అని. ఉడికిపోయే ఎండలో కంబళి కప్పుకున్న పొట్టేలు! పొద్దున కళ్ళ ముందే ఉంది. తెల్లవాడు నిమిరింది కూడా దాన్నే. గొర్రెలవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు చూడాల్సింది దాన్ని, చూసింది ఎర్ర తువ్వాలుని!

దివాకర్ ఒక్క ఉరుకు ఉరికి పొట్టేలు పొట్ట కింద ముడి పట్టి లాగాడు. కంబళి చేతికొచ్చింది. మామూలు కంబళికి మూడింతల బరువుంది.

బాలప్ప చేతిలోకి పిస్తోలు వచ్చింది. గురి సుహానా మీద. కానీ పిస్తోలు తీయడానికి అతను పొట్టేలు పగ్గం వదిలేశాడు. పొద్దుటి నుంచీ ఉక్కలో ఉడికి పిచ్చెక్కి ఉన్న పందెం పొట్టేలు రెండడుగులు వెనక్కేసి, తల వంచి, ఎదురుగా కనబడ్డ మొదటి నడుముని కుమ్మింది. ఆ నడుము బాలప్పది. తూటా ఆకాశంలోకి పోయింది. సుహానా కాలితో పిస్తోలుని లారీ కిందకి తన్నింది. మనవాళ్ళు బాలప్ప మీద పడ్డారు. నాలుగు బళ్ళ వెనక జీపులో కూర్చున్న టోపీ తెల్లవాడు స్టెతస్కోపు పారేసి దిగి పరిగెత్తబోతే, ప్రవీణ్ వాణ్ణి రోడ్డు పక్క జిల్లేడు పొదల్లో పట్టుకున్నాడు.

దివాకర్ కంబళి కుట్టు ఒకచోట పళ్ళతో తెంపాడు. రెండు పొరల మధ్య నుంచి లేత గులాబీరంగు గింజలు అతని దోసిట్లోకి రాలాయి. ఒకటి జారి దుమ్ములో పడింది. దివాకర్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని వెతికి తీసి, ఊది, మిగతావాటిలో కలిపాడు.

* * *

మరుసటి రోజు గుంతకల్లులో ఖాసిం సాబ్ ల్యాబ్ ముందు నలుగురూ టీ తాగుతున్నారు. నాలుగో మనిషి సుహానా. విత్తనం క్షేమంగా చేరిందని చీఫ్ ఫోన్ చేసింది. రిపోర్టులో పొట్టేలు పేరు కూడా రాయాలా అని అడిగింది.

సుహానా ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది.

"నేనేమో నీ కోసరం సంతలో వేళ్ళు చాపుతాంటే, నువ్వు చెట్టు సాటున నిలబడి ఈ పని చేస్తాంటివా?" అంది.

"మీరు నా చెయ్యి పట్టుకున్నారని కుళ్ళుకున్నారండీ," అన్నాడు ప్రవీణ్, ఎంతో సాయం చేస్తున్నట్టు.

"నమ్మద్దని ఫోన్లో చెప్పింది గూడా నువ్వేనంట కదా?"

దివాకర్ తల వంచుకున్నాడు. "నేనే. తప్పు చేస్తి."

సుహానా భుజాన ఉన్న ఎర్ర తువ్వాలు తీసి అతని చేతి మీద కప్పింది. దాని కిందికి తన చెయ్యి పోనిచ్చింది. దివాకర్ లెక్క కోసం ఎదురుచూశాడు. నాలుగు లేదు, రెండు లేదు, అయిదు లేదు. బొటనవేలు పట్టుకుని ఒక్కసారి లాగింది.

పొట్టేలు.

బుద్ధిలేకుండా తలకాయతో కుమ్మేవాడివని తిట్టిందా, మందంతా పక్కన పెట్టి ఒక్కదాని బేరానికి వచ్చిందా? సంతలో పుట్టి పెరిగినవాడికి కూడా అర్థం కాలేదు. అడుగుదామని తలెత్తాడు.

అప్పుడే ల్యాబ్ స్తంభం వెనక నుంచి జుయ్యిమని లెన్సు సాగిన చప్పుడు వినబడింది. ఇద్దరి మొహాల మీదా తెల్లగా ఒక్క మెరుపు మెరిసింది. దివాకర్‌ది ఆ కాంపాక్ట్ జూమే చేతిలో పట్టుకుని, చెవుల దాకా ఎర్రబడి, ప్రవీణ్ దొరికిపోయి నిలబడ్డాడు.

"ఫ్లాష్ ఎలా ఆపాలో నిన్న జీపులో అడిగాను కదండీ," అన్నాడు.